దల్మా కింద డిమ్నా: ఉక్కు ఊరి సెలవు చరిత్ర

జనవరి తొలి ఆదివారం పొద్దున్నే సీతారాండేరా నుంచి మానగో వంతెన వైపు పోయే రోడ్డు మీద నిలబడితే జంషెడ్‌పూర్ జనం ఎటు పోతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఆటోల వెనక తాళ్ళతో కట్టిన డేగిచీలు, స్కూటర్ల ముందు నిలబడ్డ పిల్లలు, చిన్న ట్రక్కుల్లో బియ్యం మూటలు, కట్టెల మోపులు, పాటల పెట్టెలు. వాటి మధ్యే ఒడిలో గిన్నెల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు. అందరూ సువర్ణరేఖ నది దాటి, మానగో బజారు దాటి, డిమ్నా రోడ్డు పట్టుకుంటారు. డిమ్నా చౌక్ దగ్గర హైవే దాటి ముందుకు పోతే ఎదురుగా దల్మా కొండ, దాని పాదాల దగ్గర నీళ్ళు. ఊరికి 13 కిలోమీటర్లు, అంతే. కాస్త డబ్బూ సమయమూ ఉన్నవాళ్ళు అక్కడితో ఆగరు. దల్మా మీద అటవీశాఖ గదుల్లోనో, రైలెక్కి ఘాట్‌శిలలోనో ఒకటి రెండు రాత్రులు ఉండి, పగలంతా చెరువుల చుట్టూ తిరిగి వస్తారు.

తాతల నాటి ఆచారంలా కనిపించే ఈ విహారానికి నిజానికి నూరేళ్ళు కూడా లేవు. ఒక కుటుంబం ఇలా బయల్దేరాలంటే మూడు ఉండాలి: ఖాళీ రోజు, ఒడ్డున కూర్చోవడానికి నీళ్ళు, రాత్రి తల దాచుకోవడానికి గది. ఈ ప్రాంతంలో ఆ మూడూ వేరువేరు అవసరాల కోసం పుట్టాయి. వాటిలో ఏదీ విహారం కోసం పుట్టలేదు. ఆ కథ తెలిశాక డిమ్నా నీళ్ళు మరోలా కనబడతాయి.

కథ నీళ్ళతోనే మొదలవుతుంది. టాటాల ఇనుము ఉక్కు కంపెనీ 1907 ఆగస్టులో ఏర్పడింది. అంతకు మూడేళ్ళ ముందే, 1904 ఫిబ్రవరిలో, మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ టాటాలకు ఉత్తరం రాశాడు. ఖనిజం ఒకచోట, బొగ్గు ఝరియా వైపు. మరి కొలిమి ఎక్కడ పెట్టాలి? మొదట సీని స్టేషన్ దగ్గర అనుకున్నారు. చివరికి సి.ఎం. వెల్డ్, శ్రీనివాసరావు తదితరుల అన్వేషణ సాక్చీ అనే చిన్న ఊరి దగ్గర తేలింది. అక్కడ సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలుస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కాళీమాటి స్టేషన్ కూతవేటు దూరం. నీళ్ళూ రైలూ రెండూ దొరికిన చోట ఉక్కు ఊరు లేచింది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

ఆ ఊరికి సెలవు ఎలా వచ్చింది? పల్లెలో సెలవును పండగలూ పంటలూ నిర్ణయిస్తాయి. కొలిమికి పండగ లేదు. ఊదుకొలిమిని ఒకసారి రాజేస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. అందుకే జంషెడ్‌పూర్‌లో రోజు మూడు షిఫ్టులుగా విడిపోయింది: పొద్దున ఆరుకు ఒకటి, మధ్యాహ్నం రెండుకు ఒకటి, రాత్రి పదికి ఒకటి. దేశంలోని కర్మాగారాల్లో పది పన్నెండు గంటల పని మామూలుగా నడుస్తున్న 1912లోనే ఇక్కడ ఎనిమిది గంటల పని దినం అమల్లోకి వచ్చింది. జీతంతో కూడిన సెలవు 1920లో వచ్చింది. కంపెనీ తన చరిత్రలో ఈ తేదీలను గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోదగ్గవే. అయితే అదే 1920 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడ పెద్ద సమ్మె జరిగిందనీ, కాల్పుల్లో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారనీ, ఆ వేడిలోనే జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టిందనీ కూడా అదే పేజీలో చెప్పుకోవాలి. తర్వాత 1922లో ఇంకో సమ్మె, 1928లో మరో పెద్ద సమ్మె. ఆ 1928లోనే సుభాష్ చంద్రబోస్ కార్మిక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఈ రోజు డిమ్నా ఒడ్డున పరిచే దుప్పటి వెనక ఆ ఏళ్ళన్నీ ఉన్నాయి.

షిఫ్టు పని సెలవు స్వభావాన్నే మార్చేసింది. అందరికీ ఆదివారం సెలవు కాదు. ఒకరి వారపు సెలవు మంగళవారం పడితే పక్కింటి ఆయనది గురువారం పడుతుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే కర్మాగారంలో పనిచేస్తున్నా కుటుంబమంతా ఒకేసారి కలిసి భోంచేసే రోజు కోసం నెల ముందే లెక్క వేసుకోవాలి, ఎవరితోనైనా షిఫ్టు మార్చుకోవాలి. అలా కూడబెట్టుకున్న రోజును ఇంట్లో కూర్చుని గడిపేయడానికి ఎవరికీ మనసు రాదు. ఈ ఊరి పిక్నిక్ పిచ్చికి చలికాలపు ఎండ ఒక కారణమైతే, అరుదుగా దొరికే ఉమ్మడి ఖాళీ రోజు ఇంకో కారణం. అదే పెద్ద కారణం.

ఈ ఊరికి తెలుగువాళ్ళు వచ్చింది కూడా ఆ రైలు మీదే. మద్రాసు నుంచి తూర్పు తీరం వెంబడి వేసిన రైలుమార్గంలో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న ఉత్తర భాగం 1900ల తొలి ఏళ్ళలో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల కూలీలకు, గుమాస్తాలకు, ఫిట్టర్లకు ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా, దాని ఎగువన ఉన్న ఉక్కు ఊరు ఒకే కంపెనీ పట్టాల మీద దగ్గరయ్యాయి. అంతకుముందు కరువు వస్తే కళింగపట్నం, కోరంగి రేవుల్లో ఓడ ఎక్కి రంగూన్ పోవడమే వాళ్ళకు తెలిసిన దారి. ఉక్కు ఊరు వాళ్ళకు సముద్రం దాటని రంగూన్ అయింది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వెలిసింది. కదమా, సోనారీ, బర్మామైన్స్, టెల్కో వైపు బస్తీల్లో తెలుగు మాట వినబడసాగింది.

సీతారాండేరా ఊరికి తూర్పు కొసన, సాక్చీకీ సువర్ణరేఖ ఒడ్డున ఉన్న భుయ్యాండీకీ మధ్య ఉంటుంది. పక్కనే భాలూబాసా, అగ్రికో కాలనీలు. మానగో బస్‌స్టాండ్ కూడా సీతారాండేరా పోలీస్ స్టేషన్ పరిధిలోనే ఉంది. రాంచీకో పురూలియాకో పోయే బస్సు ఎక్కాలంటే ఊళ్ళో వాళ్ళంతా ఇటు రావలసిందే. ఆదివాసీలు, బీహారీలు, బెంగాలీలు, ఒడియాలు, తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళు కలిసి బతికే ఊరి చివరి పేటలకు నది అవతలి అడవి ఎప్పుడూ దగ్గరే.

బయట వండుకుని తినడం ఇక్కడికి చేరిన ఏ కుటుంబానికీ కొత్త కాదు. తెలుగువాళ్ళకు కార్తీక వనభోజనాలున్నాయి. ఉసిరి చెట్టు కింద పొయ్యి పెట్టి, చెట్టుకు పూజ చేసి, విస్తళ్ళు వేసుకుని పంక్తిన కూర్చునే ఆచారం అది. బీహారు, జార్ఖండ్ వాళ్ళకు అదే కార్తీకంలో శుక్ల నవమి నాడు అక్షయ నవమి ఉంది. అదీ ఉసిరి చెట్టు కిందే, అదీ వంటలతోనే. బెంగాలీ పిల్లలు పౌష మాసంలో తోటలో చడుయిభాతి చేసుకునేవాళ్ళు. వేరువేరు దిక్కుల నుంచి ఒకే కొలిమి దగ్గరకు చేరిన ఈ జనం తమ తమ వనభోజనాలను వెంట తెచ్చుకున్నారు. లేనిదల్లా అందరూ కలిసి పోగలిగిన చోటు.

ఆ చోటు 1940ల్లో వచ్చింది. ఊరు పెరిగింది, యుద్ధకాలపు ఉక్కు గిరాకీ పెరిగింది, నీళ్ళ అవసరమూ పెరిగింది. సువర్ణరేఖ వానాకాలంలో ఒడ్డులు తెంచుకుని పారుతుంది. వేసవి వచ్చేసరికి ఇసుక మేటలు, బండల మధ్య పాయలుగా చీలిపోతుంది. అలాంటి నదిని నమ్ముకున్న ఊరికి ఏడాది పొడవునా నిలిచే నీళ్ళు కావాలి. దల్మా కొండల మీద పడిన వాన వాగులుగా దిగివచ్చే చోట, మీర్జాడీ దగ్గర, కంపెనీ అడ్డకట్ట కట్టింది. మూడువైపులా కొండ, ఒకవైపు కట్ట. అదే డిమ్నా జలాశయం. ఊరి కుళాయిల కోసం కట్టిన చెరువు అది. పడవ షికారుకీ పిక్నిక్కులకీ పేరు తెచ్చుకున్నది ఆ తర్వాతే.

తెలుగు పాఠకులకు ఇలాంటి చెరువు పరిచయమే. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో హైదరాబాదుకు వరద నుంచి రక్షణ కోసం, తాగునీటి కోసం ఉస్మాన్ సాగర్ కట్టారు. 1920లో పూర్తయిన ఆ గండిపేటకు నగరవాసులు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని పోవడం మొదలుపెట్టారు. విశాఖలో ముడసర్లోవ కూడా ఊరి నీళ్ళ కోసం పుట్టి, పార్కుగా, పిల్లల విహారస్థలంగా మారింది. నీటి సరఫరా ఇంజినీర్లు తెలియకుండానే మన నగరాలకు విహారస్థలాలు కట్టిపెట్టారు.

కానీ డిమ్నా దగ్గర మరో విషయం ఉంది. కట్ట కట్టినప్పుడు ఆ లోయ ఖాళీగా లేదు. పొలాలున్నాయి, ఊళ్ళున్నాయి, ఆదివాసీలు పూజించే జాహేర్ తోపులున్నాయి. నిర్వాసితుల పక్షాన పోరాడే సంఘాలు మునిగిన ఊళ్ళు పన్నెండని చెబుతాయి. దేశం పరాయి పాలనలో, ప్రపంచం యుద్ధంలో ఉన్న రోజులవి. పునరావాసం అనే మాటకు చట్టంలో చోటు లేని కాలం. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు పరిహారం కోసం, మిగిలిన భూమి కోసం ఈ శతాబ్దంలో కూడా ధర్నాలు చేశారు. ఊరి నడుమ ఉన్న జూబిలీ పార్కు గురించి రాసేవాళ్ళు దాన్ని దిద్దిన జర్మన్ తోట నిపుణుడి పేరు మరిచిపోరు. డిమ్నా గురించి రాసేటప్పుడు మాత్రం ఆ ఊళ్ళ ఊసు అరుదుగా వస్తుంది. ఈ లోటు చిన్నది కాదు. చెరువు అందాన్ని మెచ్చుకునే ప్రతి వ్యాసమూ కనీసం ఒక్క పేరాలో ఆ ఊళ్ళకు చోటివ్వాలి.

ఉక్కుకూ చెరువుకూ ఉన్న బంధం ఎంత దూరం పోతుందో చూడాలంటే అమెరికా దాకా వెళ్ళాలి. జంషెడ్‌పూర్ కర్మాగారానికీ తొలి ఊరికీ నమూనాలు గీసింది పిట్స్‌బర్గ్ ఇంజినీర్లు. వాళ్ళలో ముఖ్యుడు జూలియన్ కెనెడీ అంతకుముందు ఆండ్రూ కార్నెగీ కర్మాగారాల్లో పనిచేసినవాడు. ఆ పిట్స్‌బర్గ్ పెద్దలకు ఓ చెరువు ఉండేది. పెన్సిల్వేనియా కొండల్లో పాత కాలువ కోసం కట్టి వదిలేసిన జలాశయాన్ని 1879లో సౌత్ ఫోర్క్ చేపల, వేటల క్లబ్ కొనుక్కుంది. కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ లాంటివాళ్ళు అందులో సభ్యులు. ఒడ్డున చెక్క కుటీరాలు, పెద్ద క్లబ్ హౌసు, పడవలు. వేసవిలో కుటుంబాలతో వచ్చి ఉండేవాళ్ళు. కట్ట మరమ్మతులు మాత్రం సరిగా చేయించలేదు. 1889 మే 31న కుండపోత వానకు కట్ట తెగింది. దిగువనున్న జాన్స్‌టౌన్ అనే మరో ఉక్కు ఊరి మీద నీళ్ళు విరుచుకుపడ్డాయి. 2,209 మంది చనిపోయారు. అక్కడ కొందరి వినోదం కోసం ఉంచుకున్న చెరువు కింద కార్మికుల ఊరు మునిగింది. ఇక్కడ ఉక్కు ఊరి దాహం తీర్చే చెరువు కింద రైతుల ఊళ్ళు మునిగాయి. రెంటికీ తేడా ఉంది. డిమ్నా ఒడ్డుకు ఏ క్లబ్ సభ్యత్వమూ అక్కర్లేదు. క్రేన్ నడిపేవాడూ, కాంట్రాక్టు కూలీ, బడి పంతులూ ఒకే కట్ట మీద నడుస్తారు. ఆ తేడాకు విలువ ఇస్తూనే కిందనున్న ఊళ్ళ లెక్క అడగాలి.

ఊరి లోపల మాత్రం తొలినాళ్ళలో వినోదం అందరిదీ కాదు. దొరల బంగళాలు ఒకవైపు, బేల్‌డీ క్లబ్ ఒకవైపు, కూలీల బస్తీలు ఇంకోవైపు. జంషెట్జీ టాటా 1902లో కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, తోటలు, అన్ని మతాల గుళ్ళకు చోటు ఉండాలని కోరాడు. ఆ కోరికను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా అర్థం చేసుకున్నారు. 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్ వాగుల వెంట పచ్చదనాన్ని కాపాడాలని చూశాడు. 1930ల్లో స్టోక్స్ మరో ప్రణాళిక వేశాడు. 1940ల మధ్యలో, హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని మైసూరు సంస్థానానికి వచ్చిన వాస్తుశిల్పి ఒటో కోనిగ్స్‌బెర్గర్ పేటల మధ్య పచ్చని పట్టీలు ఉండే ప్రణాళిక ఇచ్చాడు. కాగితం మీద పచ్చదనం చాలా ఉంది. బస్తీలు ప్రణాళికల కన్నా వేగంగా పెరిగాయి.

అందరికీ తలుపులు తెరిచిన పెద్ద తోట 1958లో వచ్చింది. కంపెనీకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఊరి నడుమ రెండు వందల ఎకరాలకు పైగా చోటులో జూబిలీ పార్కు తయారైంది. మైసూరు బృందావనం దీనికి ఆదర్శం. లాల్‌బాగ్‌కు పేరు తెచ్చిన జి.హెచ్. క్రుంబీగల్, ఆయనతో బి.ఎస్. నిరోడీ దీనికి రూపమిచ్చారు. లోపల జయంతి సరోవర్ అనే చెరువు. మార్చి 1న ప్రధాని నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. అదే ఏడాది మే నెలలో కమ్యూనిస్టు నాయకుడు కేదార్ దాస్ నాయకత్వంలో పెద్ద సమ్మె జరిగింది. తోట ఇచ్చిన ఏడాదే సమ్మె ఏమిటని అప్పట్లో ఆశ్చర్యపోయినవాళ్ళు ఉండవచ్చు. తోట తోటే, జీతం జీతమే.

ఇక గది సంగతి. గది దొరికే దారులు మూడు; మొదటిది అడవి బంగళా. జార్ఖండ్ అడవుల్లో కుటుంబంతో రాత్రి ఉండే అలవాటుకు మూలం ప్రభుత్వపు డాక్ బంగళాలు, అడవి బంగళాలు. 1864లో అటవీశాఖ ఏర్పడ్డాక, తనిఖీకి వచ్చే అధికారి గుర్రం మీదో నడిచో ఒక రోజులో చేరగలిగిన దూరాన ఒక్కో బంగళా కట్టుకుంటూ పోయారు. ఎత్తైన అరుగు, చుట్టూ వరండా, రెండే గదులు, పెంకుటి కప్పు, కాస్త ఎడంగా వంటపాక, దాని పక్కన చౌకీదారు ఇల్లు. గోడకు నిబంధనల కాగితం, బల్ల మీద వచ్చిపోయేవాళ్ళు పేర్లు రాసే పుస్తకం. అధికారికి అవసరం లేని రోజున, జిల్లా అటవీ అధికారి రాసిచ్చిన పర్మిట్ ఉంటే, మామూలు కుటుంబానికీ గది దొరికేది. బియ్యం, పప్పు తెచ్చుకుంటే చౌకీదారు వండిపెట్టేవాడు. సారండా, పలామూ అడవుల్లో ఇలాంటి బంగళాలు చాలా ఉండేవి. సత్యజిత్ రాయ్ 1970లో తీసిన ‘అరణ్యేర్ దిన్ రాత్రి’ అలాంటి ఒక బంగళా చుట్టూనే తిరుగుతుంది. పలామూలో కేచ్‌కీ దగ్గర కోయల్, ఔరంగా నదులు కలిసే చోట దాన్ని చిత్రీకరించారు. పర్మిట్ లేకుండా వచ్చి చౌకీదారు చేతిలో డబ్బు పెట్టి గది సంపాదించే కలకత్తా కుర్రాళ్ళు అందులో కనిపిస్తారు. సినిమా ఆ కుర్రాళ్ళ మీద నిలుస్తూనే, ఉద్యోగం పోతుందేమోనని భయపడే ఆ చౌకీదారునూ మరిచిపోదు. అడవి విహారంలో అవతలి మనిషిని అంత స్పష్టంగా చూపిన కథలు తక్కువ.

రెండో దారి ఘాట్‌శిల. టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ వైపు పోయే రైల్లో గంట లోపే వచ్చే చిన్న ఊరు. సువర్ణరేఖ ఒడ్డు, సాలవృక్షాలు, ఎర్రమట్టి, చుట్టూ గుట్టలు. క్షయకూ మలేరియాకూ సరైన మందుల్లేని రోజుల్లో కలకత్తా డాక్టర్లు రోగులను ‘గాలి మార్పు’కు పంపేవారు. మధుపూర్, శిముల్‌తలా, గిరిడీ, ఘాట్‌శిల ఆ గాలి మార్పు ఊళ్ళు. దుర్గాపూజ అయ్యాక బెంగాలీ కుటుంబాలు పరుపులు, వంటసామాను, వంటమనిషితో సహా దిగి చలికాలమంతా ఉండేవి. కొందరు సొంత ఇళ్ళే కట్టుకున్నారు. గేటు మీద ఇంటి పేరు, లోపల గులాబీలు, ఏడాదిలో మిగతా నెలలు కాపలా కాసే మాలీ. ‘పథేర్ పాంచాలి’ రాసిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ కూడా ఇక్కడ ఇల్లు కొనుక్కుని చనిపోయిన తొలి భార్య పేరు మీద గౌరీకుంజ్ అని పెట్టుకున్నాడు. ఫుల్‌డుంగ్రీ గుట్ట మీద షికారు ఆయన అలవాటు. 1950 నవంబర్ 1న ఘాట్‌శిలలోనే కన్నుమూశాడు. ఆయన ‘ఆరణ్యక్’ను సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా తెలుగు చేశారు. ఆ పుస్తకంలోని అడవి ఇది కాదు, భాగల్‌పూర్ వైపు అడవి. అయినా వనవాసిని ప్రేమించిన తెలుగు పాఠకులు ఘాట్‌శిల వెళితే గౌరీకుంజ్ చూడకుండా రాకూడదు.

ఘాట్‌శిల నిద్రపోయే ఊరేమీ కాదు. 1924లో ఏర్పడ్డ ఇండియన్ కాపర్ కార్పొరేషన్ పక్కనే మౌభండార్‌లో రాగి కర్మాగారం పెట్టింది. 1972లో అది ప్రభుత్వానికి, హిందుస్తాన్ కాపర్‌కు చేరింది. చిమ్నీ పొగ ఒకవైపు, గాలి మార్పుకు వచ్చిన కుటుంబాలు ఇంకోవైపు. జంషెడ్‌పూర్ వాళ్ళకు ఇదే అనువైన మజిలీ: ఊళ్ళో ఒక గది, పొద్దున్నే జీపో ఆటోనో మాట్లాడుకుని కొండల నడుమ ఉన్న బురుడీ జలాశయానికి, ఓపిక ఉంటే అక్కడి నుంచి ధారాగిరి జలపాతానికి, సాయంత్రానికి మళ్ళీ గదికి.

మూడో దారి దల్మా మీదకే. హైవే మీద రాంచీ వైపు పోయి, శహర్‌బేడా దగ్గర మలుపు తిరిగితే మాకులాకోచా గేటు. అక్కడ అటవీశాఖ కుటీరాలు, కొండ మీద పిండ్రాబేడాలో విశ్రాంతి గృహం. శిఖరం మూడు వేల అడుగులు. పైన శివుడి గుహ, హనుమంతుడి గుడి. చీకటి పడ్డాక అక్కడి నుంచి కిందికి చూస్తే జంషెడ్‌పూర్ దీపాలు, కర్మాగారం వెలుగు కనిపిస్తాయి. ఇక్కడి పాత వేటస్థలం 1976లో అభయారణ్యమైంది. విస్తీర్ణం 193 చదరపు కిలోమీటర్లకు పైగా. ఏనుగులు దీనికి ముఖ్య నివాసులు. వేసవిలో అవి బడా బాంధ్, మఝ్లా బాంధ్ లాంటి నీటిగుంటలకు వస్తాయి. వాటిని చూడాలనుకునేవాళ్ళు చలికాలం వదిలి ఏప్రిల్, మే నెలల్లో గది తీసుకుంటారు. వానల తర్వాత మందలు తూర్పుగా పశ్చిమ బెంగాల్ వరిచేల వైపు కదులుతాయి. 1980ల చివరి నుంచి ఆ వలస దూరం బాగా పెరిగింది. పంట పోయిన రైతులూ ప్రాణాలు పోయిన మనుషులూ చచ్చిన ఏనుగులూ రెండు రాష్ట్రాలకూ పెద్ద సమస్య అయ్యాయి.

విహారానికి వచ్చేవాళ్ళ కన్నా ముందు నుంచి దల్మాకు ఏటా వచ్చే మనుషులున్నారు. సెంద్రా అనే వేట పండగ నాడు సంతాల్, హో, ముండా, భూమిజ్ జనం విల్లు, బల్లెం పట్టుకుని చుట్టుపక్కల జిల్లాల నుంచి వస్తారు. ముందు రోజు రాత్రి కొండ కింద బస, పెద్దల మాటలు, పాటలు, తెల్లవారుజామున కొండెక్కడం. వేట చట్టవిరుద్ధమయ్యాక ప్రతి మే నెలలో అటవీశాఖకూ సెంద్రా పెద్దలకూ మధ్య చర్చలు నడుస్తాయి. ఆచారం మిగలాలి, జంతువు చావకూడదు. ఈ రెంటినీ కలపడం తేలిక కాదు, అయినా ఏళ్ళు గడిచేకొద్దీ వేట తగ్గుతూ వచ్చింది. గది తీసుకుని ఒక రాత్రి ఉండి పోయేవాళ్ళకు దల్మా విహారస్థలం. వీళ్ళకు అది దేవుడున్న కొండ.

చాండిల్ జలాశయం ఈ చెరువుల వరుసలో చివరిది, పెద్దది. 1978లో బీహార్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ ఒప్పందంతో మొదలైన సువర్ణరేఖ బహుళార్థసాధక ప్రాజెక్టులో భాగం అది. ఈసారి నష్టపోయిన ఊళ్ళు 116. డిమ్నా నాటి మౌనం ఈసారి లేదు. ఊరేగింపులు, కాల్పులు, కోర్టు కేసులు, ముంపు బాధితుల సంఘాలు అన్నీ వచ్చాయి. ఇప్పుడు అక్కడ పడవలు తిరుగుతున్నాయి, ఆదివారం జనం నిండుగా ఉంటారు. ఒడ్డునే శీశ్‌మహల్ అనే చిన్న మ్యూజియంలో ముంపు ప్రాంతం నుంచి తెచ్చిన పాత శిల్పాలు, శాసనాలు పెట్టారు.

మళ్ళీ డిమ్నా ఒడ్డుకు వస్తే, పిక్నిక్ రోజు పని అంతా పొయ్యి చుట్టూనే. మూడు ఇటుకలు సమంగా పేర్చి, మధ్యలో ఎండు పుల్లలు పెట్టి, గాలి ఎటు వీస్తుందో చూసి పొయ్యి నోరు తిప్పుతారు. ఆవనూనె కాగి పొగ వచ్చేదాకా ఆగాలి, లేకపోతే కూర చేదెక్కుతుంది. ఆపైన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, దానిలో మేకమాంసం. మగవాళ్ళు ఆ రోజు వంట తమదే అంటారు, ఉప్పు చూడ్డానికి మాత్రం పెద్దావిడను పిలుస్తారు. కూర ఉడికేలోగా పిల్లలకు మూడీ అనే మరమరాలు, బఠాణీలో శనగలో వండిన ఘుగ్నీ. పటమదా వైపు చేల నుంచి వచ్చిన టమాటాలు, కాలీఫ్లవర్ ఒడ్డు మీదే కోస్తారు. సాలాకులు పుల్లలతో కుట్టిన విస్తళ్ళు, దొన్నెలు ఒకప్పుడు ప్రతి పంక్తిలో ఉండేవి. ఇప్పుడు థర్మాకోల్ ప్లేట్లు వాటిని చాలావరకు తోసేశాయి. ఇది నిజంగా బాధపడవలసిన మార్పు. సాలాకు విస్తరి మట్టిలో కలిసిపోయేది, కుట్టిన ఆదివాసీ స్త్రీకి నాలుగు డబ్బులొచ్చేవి. థర్మాకోల్ ప్లేటు ఊరి తాగునీటి ఒడ్డున ఏళ్ళ తరబడి పడి ఉంటుంది.

సంక్రాంతి దగ్గర పడేకొద్దీ ఒడ్డున పాటలు మారతాయి. తెలుగిళ్ళలో భోగి, పెద్ద పండగ. చుట్టుపక్కల కుర్మీ, భూమిజ్, సంతాల్ ఊళ్ళలో టుసూ పరబ్. పౌష మాసమంతా పాడుకున్న ఆడపిల్లలు రంగు కాగితాలతో గుడిలా కట్టిన చౌడల్ ఎత్తుకుని సువర్ణరేఖకు, సోనారీలో రెండు నదులు కలిసే దోముహానీకి వెళతారు. ఆ వారం ఊళ్ళో ఏ షిఫ్టుకీ మనుషులు నిండుగా దొరకరు.

మార్చి 3 జంషెట్జీ టాటా పుట్టినరోజు. అప్పుడు ఈ రాకపోకలు తిరగబడతాయి. జూబిలీ పార్కులో చెట్లకూ ఫౌంటెన్లకూ దీపాలు పెడతారు. బోడాం, పటమదా, ఘాట్‌శిల, చాండిల్ వైపు పల్లెల నుంచి కుటుంబాలు బస్సులెక్కి, లోకల్ రైళ్ళెక్కి ఊళ్ళోకి వస్తాయి. జయంతి సరోవర్ చుట్టూ తిరిగి, పిల్లలకు బెలూన్లు కొని, రాత్రికి ఊళ్ళోని చుట్టాల ఇంట్లో పడుకుంటాయి. మర్నాడు సాక్చీ బజారులో పెళ్ళి బట్టలో, స్టీలు గిన్నెలో కొనుక్కుని మధ్యాహ్నం బస్సుకు తిరుగు ప్రయాణమవుతాయి.